అంగడిలో పాట, పట్టికలో స్థానము: 1970–79 నాటి బ్రిటనులో సింగిల్ రికార్డుల క్రయము

సంగీత చరిత్రకారులు సాధారణముగా వాగ్గేయకారుని గూర్చియు, గాయకుని గూర్చియు, సంప్రదాయ భేదములను గూర్చియు వ్రాయుదురు. పాటను విన్నవానిని గూర్చి వ్రాసినవారు తక్కువ. సొమ్ము చెల్లించి పాటను కొన్నవానిని గూర్చి వ్రాసినవారు మఱియు తక్కువ. కాని ఇరువదవ శతాబ్దమున పాట వస్తురూపమును దాల్చి అంగడికెక్కిన పిమ్మట, కొనుగోలుదారుని విడిచి పాట చరిత్రను వ్రాయుట సాధ్యము కాదు. ఈ వ్యాసమున మేము అట్టి సందర్భము నొకదానిని పరిశీలింపదలచితిమి. 1970 మొదలు 1979 వఱకు గల దశాబ్దిలో బ్రిటనుదేశపు యువజనులు కొన్న సింగిల్ రికార్డులును, వారు వారము వారము ఎదురు చూచిన జనాదరణ పట్టికలును ఇందలి విషయము.

ఆనాటి బాలబాలికలు నేడు అఱువది యేండ్లు దాటినవారు. వారి జ్ఞాపకములు గ్రంథములుగను, రేడియో ప్రసంగములుగను విరివిగా వెలువడినవి. వానిలో ఒక విచిత్రము కలదు. వారు తలచి తలచి చెప్పుకొను పాటలలో పేరుపడినవి ఏవియు నశింపలేదు. ఆనాడు ఒక పాటకై వారమంతయు కాచుకొనినవారు నేడు దానిని చేతిలోని ఫోనులో క్షణమున వినగలరు. వస్తువు దొరకుచునే యుండగా దానికై బెంగ యేల? ఇది గతించిన యౌవనమునకై పడు బెంగ యని కొట్టివేయుట సులభము. అది పూర్తి సమాధానము కాదని మా యభిప్రాయము. యౌవనము అందఱకును గతించును. అన్ని తరములవారును ఒక అమ్మకపు లెక్కను ప్రేమతో తలచుకొనరు. ఆ తరమువారు పోగొట్టుకొనినది పాట కాదు. తాము చెల్లించిన సొమ్ము దేశమంతయు చూచు పద్దులో ఒక అంకెగా చేరుచున్నదను నమ్మకమును వారు పోగొట్టుకొనిరి. ఆ నమ్మకము ఎంతవఱకు నిజమో పరిశీలింపవలసి యున్నది.

రికార్డుల పట్టికలకు పూర్వము బ్రిటనులో పాటల జనాదరణను ముద్రిత స్వరపత్రముల అమ్మకమును బట్టి కొలుచుచుండిరి. ఇంటిలో పియానో గలవారు ఆ కాగితములు కొని తామే వాయించుకొనుట అప్పటి వాడుక. 1952 నవంబరు 14వ తేదీన న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ అను వారపత్రిక మొదటిసారిగా రికార్డుల అమ్మకము ననుసరించి ఒక పట్టికను ప్రకటించెను. ఆ పత్రికలో ప్రకటనల వ్యవహారము చూచు పర్సీ డికిన్స్ సుమారు ఇరువది అంగళ్ళకు టెలిఫోను చేసి, ఏ పాట ఎక్కువగా పోవుచున్నదని అడిగి, వచ్చిన సమాధానములను కూర్చెను. అమెరికా గాయకుడు ఆల్ మార్టినో పాడిన ‘హియర్ ఇన్ మై హార్ట్’ మొదటి స్థానమున నిలిచి, తొమ్మిది వారములు కదలలేదు. పట్టికను తయారు చేసినవాడు ప్రకటనల విభాగమువాడగుట గమనింపదగినది. రికార్డు కంపెనీల ప్రకటనలను ఆకర్షించుటయే దాని మొదటి ప్రయోజనము. అది విద్వాంసుల కొఱకు పుట్టిన గణాంకము కాదు.

ఇక వస్తువు. ఏడు అంగుళముల వ్యాసము కలిగి, నిమిషమునకు 45 చుట్లు తిరుగు రికార్డును ఆర్.సి.ఏ. విక్టర్ కంపెనీ 1949లో అమెరికాలో ప్రవేశపెట్టెను. బ్రిటనులో ఇ.ఎం.ఐ. కంపెనీ 1952లో దానిని చేపట్టెను. లక్కతో చేసిన పాత 78 చుట్ల పళ్ళెములు బరువైనవి, జాఱిపడిన పగులునవి; 1960 ప్రాంతమునకు అవి ఆ దేశమున అంగళ్ళనుండి దాదాపు తొలగినవి. మన దేశమున అట్లు జరుగలేదు. బీటిల్స్ బృందపు పాటలను సైతము భారతదేశమున 78 చుట్ల పళ్ళెములుగా ముద్రించిరి. నేడు వానికై పాశ్చాత్య సేకర్తలు వెదకుచున్నారు.

సింగిల్ రికార్డునకు ఒక వైపున ప్రచారము పొందవలసిన పాటయు, రెండవ వైపున సామాన్యముగా ఎవ్వరును అడుగని పాటయు ఉండును. ఒక పాటకై ధర చెల్లించినవాడు రెండవదానిని కూడ విధిలేక నేర్చుకొనును. ఆ తరమువారి జ్ఞాపకములలో ఈ రెండవ వైపు పాటలకు గల స్థానము ఆశ్చర్యకరమైనది. డబ్బు తక్కువ, రికార్డులు తక్కువ. ఉన్న నాలుగింటిని ఇరువైపుల అరుగునట్లు వినిరి. దశాబ్ది తొలినాళ్ళలో సింగిల్ ధర సుమారు అర్ధ పౌను. 1971 ఫిబ్రవరి 15న షిల్లింగులు పోయి దశాంశ నాణెములు వచ్చినవి గనుక, ఆ సంవత్సరపు కొనుగోలుదారులకు పాట ధర క్రొత్త నాణెముల లెక్క నేర్పిన తొలి పాఠములలో నొకటి. దశాబ్ది చివరకు ధర ఒక పౌనునకు చేరువయ్యెను. ఉదయమున ఇంటింట వార్తాపత్రికలు పంచియు, శనివారము అంగళ్ళలో పనిచేసియు సంపాదించు బాలునకు ఇది ఒక వారపు నిర్ణయము. ఎల్.పి. రికార్డు ధర దీనికి అనేక రెట్లు. అది పుట్టినరోజునకో క్రిస్మసునకో తల్లిదండ్రులు ఇచ్చు వస్తువు. సింగిల్ మాత్రము బాలుడు తన సొమ్ముతో తాను కొనుక్కొనునది.

కొనుట యనునది ఒక్క క్రియ కాదు. పాట మొదట రేడియోలో వినబడును. పేరు సరిగా తెలియక పోవచ్చును. మరల వినబడువఱకు కాచుకొనవలెను. శనివారము వీథిలోని రికార్డుల అంగడికో, వూల్‌వర్త్స్, బూట్స్, డబ్ల్యు.హెచ్. స్మిత్ వంటి పెద్ద దుకాణములకో పోవలెను. గోడమీద ఆ వారపు పట్టిక అంటింపబడి యుండును. దానిలో తన పాట ఎక్కినదో దిగినదో చూచుకొనవలెను. పాత అంగళ్ళలో విని చూచుటకు చిన్న గదులుండెడివి. అమ్మువాడు వెనుకటి అఱలనుండి రికార్డును తీసి కాగితపు తొడుగులో పెట్టి యిచ్చును. డబ్బు చాలనివారికి వేఱొక మార్గము కలదు. నాణెము వేసిన పాట పాడు జ్యూక్ బాక్సు యంత్రములలో అరిగిన రికార్డులు చవుకగా అమ్ముడుపోవుచుండెను. వాని నడిమి భాగము తీసివేయబడి యుండును గనుక, ఇంటిలో వినుటకు నడుమ ఒక ప్లాస్టిక్ బిళ్ళను అమర్చుకొనవలెను. పాట పట్టికనుండి దిగిన పిమ్మటనే ఇట్టి రికార్డు చేతికి వచ్చును. దానిని కొన్నవాడు లెక్కకు రాడు. ఈ భేదము చిన్నదిగా తోచును గాని, మా వాదమునకు ముఖ్యమైనది. క్రొత్తది కొన్నవానికి పాటతోపాటు మఱియొకటి లభించుచుండెను. అది ఆ వారపు లెక్కలో పాలు.

ఆ లెక్క జరిగిన తీరు ఎట్టిది? 1960లలో ‘ప్రథమ స్థానము’ అను మాటకు ఒకటే యర్థము లేదు. ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క పట్టికను ప్రకటించుచుండెను, బి.బి.సి. వానిని కలిపి తన పట్టికను కూర్చుకొనుచుండెను. 1969 ఫిబ్రవరిలో బి.బి.సి.యు, రికార్డ్ రిటైలర్ అను వ్యాపార పత్రికయు ఆ పనిని బ్రిటిష్ మార్కెట్ రిసెర్చ్ బ్యూరోకు అప్పగించినవి. ఆ సంస్థ సుమారు 300 అంగళ్ళను ఎన్నుకొనెను. అవి ఏవియో బయటికి చెప్పరాదు. అమ్మువారు అమ్మిన ప్రతి సింగిల్ సంఖ్యను ఒక పుస్తకమున చేతితో వ్రాయుదురు. వారాంతమున పుస్తకములు తపాలాలో లండను చేరును. అంకెలు కూడబడి, మంగళవారము మధ్యాహ్నము రేడియో 1లో క్రొత్త పట్టిక చదువబడును. గురువారము సాయంకాలము టెలివిజన్‌లో ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ అను కార్యక్రమమున, పట్టికలో పైకి పోవుచున్న పాటల గాయకులు కనబడుదురు. ఇది 1964 జనవరి 1న మాంచెస్టరులో, పూర్వము క్రైస్తవ దేవాలయముగా నుండిన భవనమున ఆరంభమైన కార్యక్రమము. ఆదివారము సాయంకాలము రేడియోలో ఇరువది పాటలును క్రిందినుండి పైకి వరుసగా వినవచ్చును. శనివారము కొనుట, మంగళవారము తెలియుట, గురువారము చూచుట, ఆదివారము వినుట: ఆ దేశపు బాలురకు ఇది యొక పంచాంగము. తపాలాపై నడచు పంచాంగము గనుక, 1971 జనవరి మొదలు మార్చి వఱకు జరిగిన తపాలా సమ్మెలో దానికి అంతరాయము కలిగెను.

స్మృతి తడబడు చోటు ఇచ్చటనే కనబడుచున్నది. ఆదివారము సాయంకాలము క్యాసెట్ యంత్రము నొద్ద కూర్చుండి, వ్యాఖ్యాత మాటలు పడకుండ పాటను మాత్రమే ఎత్తుకొనుటకు మీటపై వ్రేలుంచి, ఈ వారము ప్రథమ స్థానము ఎవరిదో యని ఊపిరి బిగపట్టితిమని చెప్పువారు పెక్కుమంది. క్యాసెట్ సంగతి నిజమే. కాని 1970లలో ఆ ఫలితము మంగళవారమే వెల్లడియై యుండెను. శ్రద్ధగలవారికి ఆదివారము నాడు క్రొత్తగా తెలియవలసినది లేదు. క్రొత్త పట్టికను ఆదివారమే మొదటిసారి ప్రకటించుట 1987 అక్టోబరులో మాత్రమే ఆరంభమయ్యెను. తరువాతి కాలపు ఉత్కంఠ ముందటి కాలమునకు అతుకబడినది. జ్ఞాపకములను ఆధారముగా గొను పరిశోధక విద్యార్థులు దీనిని మనసున నుంచుకొనవలెను. అట్లని ఆ జ్ఞాపకమును త్రోసిపుచ్చుటయు తగదు. ఒకే గంటలో, ఒకే పాటను, తన తరగతివారందఱు వినుచున్నారను ఎఱుక పట్టిక ఏ దినమున వెలువడినను నిజమే.

కొనుగోలుదారుని బలము స్పష్టముగా కనబడిన సంవత్సరము 1973. ఆ యేట స్లేడ్ అను బృందమువారి మూడు సింగిళ్ళు వెలువడిన మొదటి వారముననే నేరుగా ప్రథమ స్థానమున ప్రవేశించినవి. 1969లో బీటిల్స్ వారి ‘గెట్ బ్యాక్’ తరువాత మరల అట్లు జరుగుట అదియే మొదలు. పాట రేడియోలో మెల్లగా వ్యాపించి ఎక్కుట కాదిది. అభిమానులు అంగడి తెఱచునంతలో చేరి కొనుట. ఆ బృందమువారి పాటల పేర్లలోని వర్ణక్రమ దోషములు బుద్ధిపూర్వకములు. భాషోపాధ్యాయులకు అవి రుచింపవు గాని చరిత్రకు అడ్డురావు. వారి మూడవ పాట ఆ యేటి క్రిస్మసు పాట. చమురు కొఱతయు, గని కార్మికుల ఆందోళనయు తోడై, 1974 జనవరి మొదలు మార్చి వఱకు పరిశ్రమలకు వారమునకు మూడు దినములే విద్యుచ్ఛక్తి దొరకిన శీతకాలమది. రికార్డులు చేయు ప్లాస్టిక్ కూడ చమురు సంతానమే. దేశము చీకటిలో నున్నప్పుడు ఆ దేశపు పిల్లలు ఎంత ఉల్లాసపు పాటను పట్టికపై నిలిపిరో ఆ తరమువారు నేటికిని మఱువలేదు.

పట్టికను జనాభిప్రాయపు ఓటుగా భావించిన ఆ విశ్వాసమునకు లోపములు పెక్కు. మొదటిది, ఏ అంగళ్ళను లెక్కించిరను ప్రశ్న. కరీబియను దీవులనుండి వచ్చి స్థిరపడినవారు తమ రెగ్గే సంగీతపు రికార్డులను ప్రత్యేకమైన అంగళ్ళలో కొనుచుండిరి. లెక్కకు ఎన్నికైన అంగళ్ళలో అట్టివి బహు తక్కువ. లండను సమీపమున సౌతాల్ వంటి చోట్ల భారతీయులు హిందీ సినిమా రికార్డులు కొనుచుండిరి. ఆ పట్టికలలో వాని జాడయే లేదు. పట్టికను చూచి 1970లలో బ్రిటను ప్రజలు ఇది వినిరి అని వ్రాయు చరిత్రకారుడు, ఎన్నికైన అంగళ్ళకు పోయినవారినే ప్రజలని పిలుచుచున్నాడు.

రెండవది, ఏ రికార్డును లెక్కింపవలెనను ప్రశ్న. పట్టికలోని పాటలను అనామకులైన గాయకులచే మరల పాడించి, చవుక ఎల్.పి. రికార్డులుగా అమ్ము వ్యాపారము ఆనాడు సాగినది. కొన్న పిల్లలు ఇంటికి పోయి విని, గొంతు వేఱని గ్రహించి నిరాశపడుట ఆ జ్ఞాపకములలో తఱచుగా వచ్చును. 1971లో ఈ చవుక రికార్డులు ఎల్.పి. పట్టికలో ప్రథమ స్థానమునకే చేరగా, మఱుసటి యేట వానిని ఆ పట్టికనుండి తొలగించిరి. జనులు కొన్నదే లెక్క యైనచో తొలగింపనేల?

మూడవది మోసము. 300 అంగళ్ళ పుస్తకములే దేశమునకు ప్రమాణమైనప్పుడు, ఆ అంగళ్ళ పేర్లు తెలిసికొన్నవానికి పట్టికయొక్క క్రింది మెట్లు అందుబాటులో నుండును. కంపెనీల ప్రతినిధులు తామే కొనుటయు, అమ్మువారికి కానుక లిచ్చి లేని అమ్మకములను వ్రాయించుటయు జరుగుచున్నవని 1980లో గ్రెనడా టెలివిజన్ వారి ‘వరల్డ్ ఇన్ యాక్షన్’ కార్యక్రమము బయటపెట్టెను. 1983 జనవరిలో గాలప్ సంస్థ ఆ పనిని చేపట్టి, అంగళ్ళలో యంత్రములను పెట్టించి, చేతివ్రాత పుస్తకములకు స్వస్తి చెప్పెను.

అన్నిటికన్న ప్రసిద్ధమైన వివాదము 1977 జూనునాటిది. ఎలిజబెత్ రాణి సింహాసనారోహణ రజతోత్సవముల వారమున, సెక్స్ పిస్టల్స్ అను బృందమువారు జాతీయగీతపు పేరునే పెట్టి వెలువరించిన ధిక్కారపు పాటను బి.బి.సి. నిషేధించెను, మేము పైన పేర్కొనిన మూడు పెద్ద దుకాణములును దానిని అమ్మ నిరాకరించినవి. ఐనను బి.బి.సి. పట్టికలో అది రెండవ స్థానమున నిలిచెను. మొదటి స్థానము రాడ్ స్టూవర్ట్ పాటది. న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ పట్టికలో ఆ ధిక్కారపు పాటయే ప్రథమము. కొన్ని అంగళ్ళలో గోడపై అంటించిన పట్టికయందు రెండవ స్థానమునకు ఎదుట ఏ పేరును లేక ఖాళీగా నుండెను. ఉద్దేశపూర్వకముగా దానిని క్రిందికి నెట్టిరను అనుమానము నాటినుండి నేటివఱకు వినబడుచున్నది, నిరూపింపబడలేదు. కుట్రయే ఉన్నదనుటకు మేము సాహసింపము. కాని ఒక రాజ్యోత్సవ వారమున ఒక పాట స్థానము ఇంతటి పెద్ద విషయమైనదనగా, పట్టికకు జనులిచ్చిన అధికారము ఎంతటిదో ఊహింపవచ్చును. ఎవ్వరును నమ్మని లెక్కలో ఒక స్థానమునకై కలహింపరు.

పట్టికలకు శాశ్వతత్వము వచ్చినదియు 1977లోనే. టిమ్ రైస్, జో రైస్, పాల్ గంబచిని, మైక్ రీడ్ అను నలుగురు కూర్చిన గిన్నిస్ వారి బ్రిటిష్ హిట్ సింగిల్స్ గ్రంథము ఆ యేట వెలువడెను. దానివలన చెదరియున్న వారపు కాగితములు ఒక నిఘంటువైనవి. కాని వారు 1960 వఱకు న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ పట్టికను, ఆ పిమ్మట రికార్డ్ రిటైలర్ పట్టికను ప్రమాణముగా గ్రహించిరి. ఫలితముగా బీటిల్స్ వారి ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ 1963లో న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్, మెలొడీ మేకర్ పత్రికల పట్టికలలో ప్రథమ స్థానము నందియు, గ్రంథమున రెండవ స్థానపు పాటగనే నిలిచిపోయెను. ఆనాటి శ్రోత మొదటిదని విన్నాడు. నేటి పరిశోధకుడు రెండవదని చదువుచున్నాడు. తాళపత్ర ప్రతుల పాఠభేదములలో ఒకదానిని గ్రహించి తక్కినవానిని అధోజ్ఞాపికకు దింపు పరిష్కర్తల పని ఎఱిగినవారికి ఇందు వింత లేదు.

దృశ్యసాక్ష్యము సంగతి మఱియు శోచనీయము. అయస్కాంతపు టేపు ఖరీదైనది గనుక, బి.బి.సి. వారు పాత కార్యక్రమములను చెఱపి వానిపైననే క్రొత్తవి ఎత్తిరి. టాప్ ఆఫ్ ది పాప్స్ తొలినాటి ప్రసారములలో అధికభాగము ఇట్లు నశించెను. 2011 ఏప్రిల్‌లో బి.బి.సి. ఫోర్ ఈ కార్యక్రమములను వరుసగా పునఃప్రసారము చేయ నారంభించినప్పుడు 1976 నుండి మొదలుపెట్టెను. కనుక ఆ దశాబ్దపు తొలి సగమునకు కొన్నవారి జ్ఞాపకమే చాలవఱకు దిక్కు. రెండవ సగమునకు జ్ఞాపకమును దృశ్యము ఎప్పటికప్పుడు దిద్దుచున్నది. ఈ రెంటికిని ఒకే ప్రమాణము వర్తింపజేయుట పొరపాటు.

మన దేశమున ఇట్టి పట్టికకు సాటివచ్చునది బినాకా గీత్‌మాలా. అది బ్రిటను పట్టిక పుట్టిన 1952లోనే రేడియో సిలోనులో అమీన్ సయానీ గొంతుతో ఆరంభమై, కొలది కాలమునకు పాటలకు మెట్ల వరుస నేర్పఱచుకొనెను. బుధవారము రాత్రి దానికై ఆంధ్రదేశమున సైతము రేడియోల చుట్టు చేరినవారు కలరు. ఐనను భేదము కలదు. అవి హిందీ పాటలు. తెలుగు పాటకు అంతటి వ్యాప్తిగల వారపు పట్టిక ఏర్పడలేదు. మన యిండ్లలో గ్రామఫోను అపురూపము. డమ్ డమ్ కర్మాగారమున ముద్రితమైన తెలుగు సినిమా పాటల ఈ.పి. రికార్డులను ఎక్కువగా కొన్నవారిలో మైకు సెట్లవారును, హోటళ్ళవారును ఉండిరి. పెండ్లిపందిరిలో ఒక రికార్డు మ్రోగిన ఊరంతయు వినును; లెక్కలో అది ఒక్క అమ్మకమే. కావుననే మన తరములవారి పాటల జ్ఞాపకమున అంగడి కనబడదు. పందిరి, సినిమా హాలు, వీథి మలుపు కనబడును. బ్రిటను బాలుని జ్ఞాపకము కొన్నవాని జ్ఞాపకము. మనది విన్నవాని జ్ఞాపకము. ఈ భేదముపై ప్రత్యేక పరిశోధన జరుగవలసి యున్నది.

1977 చివర వెలువడిన వింగ్స్ బృందపు ‘మల్ ఆఫ్ కింటైర్’ బ్రిటనులో ఇరువది లక్షలకు మించి అమ్ముడైన మొదటి సింగిల్ అయ్యెను. 1979లో ఆ దేశమున అమ్ముడైన సింగిళ్ళు సుమారు 8 కోట్ల 90 లక్షలు. తరువాతి కథను విస్తరింప నక్కఱలేదు. వూల్‌వర్త్స్ దుకాణములు 2009 జనవరిలో మూతపడినవి. ఇంటర్నెట్టునుండి దింపుకొన్న పాటలు 2005లోను, ఊరక విన్న పాటలు 2014 జూలైలోను సింగిళ్ళ పట్టిక లెక్కకు చేరినవి. అప్పటినుండి వినుటయే లెక్కయైనది. నిష్పక్షపాతముగా చూచినచో ఈ లెక్క పాతదానికన్న నిర్దుష్టము. 300 పుస్తకములను నమ్ముకొనిన లెక్కకును, ప్రతి శ్రవణమును యంత్రము నమోదు చేయు లెక్కకును పోలిక లేదు. కాని ఇప్పుడు లెక్కింపబడుచున్నవానికి తాను లెక్కింపబడుచున్నానను ఎఱుక యుండదు. పాత లెక్కలో, తాను లెక్కకు వచ్చితినని నమ్మినవారిలో అనేకులు నిజమునకు లెక్కకు రాలేదు. వారి అంగడి ఆ జాబితాలోనే లేదు.

పాత రికార్డులమ్ము అంగళ్ళలో నేటికిని ఆ దశాబ్దపు సింగిళ్ళు పెట్టెలకొలది దొరకుచున్నవి. వానిలో కొన్నింటి నడిమి చీటీపై కొన్నవాని పేరో, కొన్న తేదీయో సిరాతో వ్రాయబడి యుండును. నేస్తుల యిండ్లకు తీసికొనిపోయినప్పుడు కలిసిపోకుండుటకై పిల్లలు అట్లు వ్రాసికొనెడివారు. రికార్డుల వర్తకులు ఇట్టి వ్రాతను దోషముగా నెంచి ధర తగ్గింతురు. తేదీలున్న చీటీలను ఆ తేదీనాటి పట్టికలతో పోల్చి చూచినచో, పాట ఎక్కుచున్నప్పుడు కొన్నవారెవరో, శిఖరమున నున్నప్పుడు కొన్నవారెవరో, దిగిపోయిన పిమ్మట కొన్నవారెవరో కొంతవఱకు తెలియగలదు. బ్యూరో పుస్తకములలో అమ్మిన రికార్డు సంఖ్యయే కాని కొన్నవాని పేరు ఉండెడిది కాదు. ఆ పేరు ఈ చవుక రికార్డులపైననే మిగిలి యున్నది.